గ్రహశకలాన్ని అణుబాంబు ఆపగలదా?

"ప్రపంచంలో ఉన్న అణుబాంబులన్నీ ఒక్కసారి పేలితే భూమి ముక్కలు ముక్కలైపోతుందట!" ఈ మాట మీరు ఎక్కడో ఒకచోట వినే ఉంటారు. "ఆకాశం నుంచి పెద్ద బండ ఊడిపడబోతే ఒక అణుబాంబు వేసి దాన్ని పిండి చేసెయ్యవచ్చు." ఈ మాట కూడా వినే ఉంటారు. సినిమాల్లో అయితే కళ్ళారా చూసే ఉంటారు.

ఈ రెండు మాటల్లో నిజమెంత? ఊహించి చెప్పడం కాదు, లెక్క వేసి చూద్దాం. లెక్క అనగానే బెదిరిపోకండి. గుణకారం, భాగహారం వస్తే చాలు.

బాంబు బలం ఎంత?

పేలుడు బలాన్ని చెప్పటానికి టి.ఎన్.టి. అనే పేలుడు మందును కొలబద్దగా వాడతారు. 1945 ఆగస్టు 6న జపానులోని హిరోషిమా నగరం మీద పడిన అణుబాంబు బలం సుమారు 15 వేల టన్నుల టి.ఎన్.టి.కి సమానం. ఆ ఒక్క బాంబు వల్ల ఆ సంవత్సరం పూర్తయ్యేసరికి సుమారు లక్షా నలభై వేలమంది చనిపోయారు.

అందులో శక్తి పుట్టింది యురేనియం కేంద్రకాలు చీలడం వల్ల. ఆ తరువాత వచ్చిన హైడ్రోజన్ బాంబులో ఇంకో పద్ధతి కూడా తోడయింది. తేలిక కేంద్రకాలు ఒకదానితో ఒకటి కలిసిపోయి శక్తిని విడుదల చేస్తాయి. సూర్యుడి లోపల జరిగేది కూడా కేంద్రకాల కలయికే. ఇంతవరకు మనుషులు పేల్చినవాటిలో అతి పెద్దది ఇలాంటి బాంబే. 1961 అక్టోబరు 30న సోవియట్ యూనియన్ దాన్ని ఉత్తర ధ్రువ ప్రాంతంలోని నొవాయా జెమ్ల్యా దీవుల మీద పేల్చింది. బరువు 27 టన్నులు. బలం 5 కోట్ల టన్నుల టి.ఎన్.టి.కి సమానం. పది లక్షల టన్నులను ఒక మెగాటన్ను అంటారు కాబట్టి ఇది 50 మెగాటన్నుల బాంబు. హిరోషిమా బాంబుల్లాంటివి మూడు వేలకు పైగా కలిపితే ఇదొక్కటి అవుతుంది. మన లెక్కకు దీన్నే "పెద్ద బాంబు" అనుకుందాం.

భూమిని పగలగొట్టాలంటే...

ఒక ఇటుకను సుత్తితో కొట్టండి. నాలుగు ముక్కలవుతుంది. ఆ ముక్కలు అలాగే పడి ఉంటాయి. మళ్ళీ వాటంతటవి అతుక్కోవు. భూమి అలాంటిది కాదు. ఇటుకను కలిపి ఉంచేది మట్టి గట్టిదనం. భూమిని కలిపి ఉంచేది దాని గురుత్వాకర్షణ శక్తి. మీరు రాయిని పైకి విసిరితే కింద పడుతుంది కదా? భూమిని ముక్కలు చేసినా జరిగేది అదే. ముక్కలన్నీ వెనక్కి వచ్చి పడి మళ్ళీ గుండ్రని బంతి తయారవుతుంది. కాబట్టి పగలగొడితే చాలదు. ఒక్కొక్క ముక్కను మళ్ళీ తిరిగి రానంత వేగంతో విసిరెయ్యాలి. భూమి ఉపరితలం నుంచి అలా తప్పించుకు పోవాలంటే సెకనుకు 11.2 కిలోమీటర్ల వేగం కావాలి.

భూమి మొత్తాన్ని ఇలా చెల్లాచెదురు చేయటానికి ఎంత శక్తి కావాలో శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు. సూర్యుడు అన్ని దిక్కులకూ కలిపి సుమారు వారం రోజుల పాటు వెదజల్లే శక్తి మొత్తం దానికి కావాలి! మన "పెద్ద బాంబు" లెక్కన చెప్పాలంటే సుమారు పది కోట్ల కోట్ల బాంబులు కావాలి. ఒకటి వేసి దాని పక్కన 15 సున్నాలు పెట్టండి. సెకనుకు ఒక బాంబు చొప్పున రాత్రీ పగలూ పేలుస్తూ పోయినా పని పూర్తి కావటానికి మూడు కోట్ల సంవత్సరాలు దాటుతుంది. ఈనాడు ప్రపంచ దేశాలన్నిటి దగ్గరా కలిపి ఉన్న అణ్వాయుధాలు సుమారు 12 వేలు. వాటిలో చాలావాటి బలం మన పెద్ద బాంబు బలంలో నూరోవంతు కూడా ఉండదు.

కాబట్టి మొదటి ప్రశ్నకు జవాబు: అణుబాంబులు గ్రహాన్ని పగలగొట్టలేవు. దరిదాపులకు కూడా రావు.

ప్రకృతి చేసి చూపిన ప్రయోగాలు

ఈ మాట నమ్మకం కలగకపోతే ప్రకృతినే అడగవచ్చు. 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల క్రితం పది కిలోమీటర్లకు తగ్గని గ్రహశకలం ఒకటి మెక్సికోలోని యుకటాన్ ప్రాంతంలో భూమిని ఢీకొంది. మన పెద్ద బాంబులు లక్షల సంఖ్యలో ఒకేచోట పేల్చినంత శక్తి ఒక్క దెబ్బతో విడుదలయింది. సుమారు 180 కిలోమీటర్ల వెడల్పు గల బిలం ఏర్పడింది. రాక్షసబల్లులు నశించిపోయాయి. పక్షులుగా మారిన శాఖ ఒక్కటే మిగిలింది. కాని భూమికి ఏమయింది? ఒక మీటరు వెడల్పున్న గ్లోబు తీసుకుంటే, ఆ బిలం దాని మీద ఒకటిన్నర సెంటీమీటరు మచ్చ మాత్రమే. భూమి తన దారిన తాను సూర్యుడి చుట్టూ తిరుగుతూనే ఉంది.

1994 జులైలో షూమేకర్-లెవీ 9 అనే తోకచుక్క ముక్కలు ఒకదాని వెంట ఒకటి గురుగ్రహం మీద పడ్డాయి. ప్రపంచంలోని దూరదర్శినులన్నీ అటే తిరిగాయి. గురుగ్రహ వాతావరణంలో భూమికంటె పెద్ద నల్లమచ్చలు కనిపించాయి. కొన్ని నెలల్లో ఆ మచ్చలు చెరిగిపోయాయి. గురుగ్రహం చెక్కు చెదరలేదు.

ఇంకా వెనక్కి వెళితే, సుమారు 450 కోట్ల ఏళ్ళ క్రితం అంగారకుడంత గోళం ఒకటి పసిభూమిని ఢీకొందనీ, ఎగిరిపడిన పదార్థం నుంచే చంద్రుడు పుట్టాడనీ ఎక్కువమంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం. అంత దెబ్బకు కూడా భూమి కరిగిందే తప్ప చెదిరిపోలేదు.

మరి భయం దేనికి?

"అయితే అణుబాంబుల గురించి బెంగ అక్కర్లేదన్న మాట!" అనకండి. గ్రహం వేరు, గ్రహం మీద బతుకు వేరు. భూమి మధ్యభాగం లోతు 6,371 కిలోమీటర్లు. మన గాలి, నీరు, పొలాలు, ఊళ్ళు అన్నీ దాని పైన పల్చటి పొరలోనే ఉన్నాయి. జామకాయను పగలగొట్టడం కష్టమే, కాని దాని తోలు గీరటానికి గోరు చాలు.

1983లో కార్ల్ శాగన్, ఆయనతో పాటు మరి నలుగురు శాస్త్రజ్ఞులు ఒక లెక్క ప్రకటించారు. పెద్ద అణుయుద్ధం జరిగితే నగరాలు తగలబడి లేచే మసి ఆకాశాన్ని కప్పేస్తుందనీ, ఎండ తగ్గి భూమి చల్లబడుతుందనీ దాని సారాంశం. దీన్నే "అణుశీతకాలం" అన్నారు. ఎంత చలి, ఎన్నాళ్ళు అనే విషయంలో తరువాత చర్చలు జరిగాయి. కాని పంటలు దెబ్బతిని, యుద్ధంతో సంబంధం లేని దేశాల్లో కూడా కరువు వస్తుందన్న హెచ్చరిక ఇప్పటికీ నిలిచే ఉంది. బాంబులు నాశనం చేసేది భూగోళాన్ని కాదు, మనల్ని.

ఆకాశం నుంచి వచ్చే కొండలు

ఇక రెండో ప్రశ్న. గ్రహశకలాలు అంటే గ్రహాలు ఏర్పడినప్పుడు మిగిలిపోయిన రాళ్ళు. ఎక్కువభాగం అంగారకుడికీ గురుగ్రహానికీ మధ్య తిరుగుతుంటాయి. కొన్ని మాత్రం దారి మళ్ళి భూమికి దగ్గరగా వస్తాయి.

వీటి బలమంతా వేగంలోనే ఉంది. సెకనుకు 20 కిలోమీటర్ల వేగంతో వచ్చే ఒక్క కిలో రాయికి సుమారు 48 కిలోల టి.ఎన్.టి.కి ఉన్నంత శక్తి ఉంటుంది. ఇక కొండంత రాయి వస్తే?

1908 జూన్ 30న సైబీరియాలోని తుంగుస్కా అడవి మీద గాలిలోనే ఒక రాయి పేలింది. దాని వెడల్పు 50, 60 మీటర్లు ఉంటుందని అంచనా. అంతమాత్రానికే రెండు వేల చదరపు కిలోమీటర్లకు పైగా అడవి నేలకొరిగింది. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్స్క్ నగరం మీద సుమారు 20 మీటర్ల రాయి పేలింది. సూర్యుడి దిక్కు నుంచి రావటంతో ముందుగా ఎవరూ చూడలేకపోయారు. మెరుపు చూసి జనం కిటికీల దగ్గరకు వెళ్ళారు. కొంతసేపటికి పేలుడు అల వచ్చి అద్దాలను పగలగొట్టింది. సుమారు 1,500 మంది గాయపడ్డారు. మీరూ గుర్తుంచుకోండి: ఆకాశంలో కళ్ళు మిరుమిట్లు గొలిపే వెలుగు కనిపిస్తే కిటికీకి దూరంగా జరగాలి. ముందు వచ్చేది వెలుగు, వెనుక వచ్చేది దెబ్బ.

మన దేశంలోనూ ఇలాంటి గుర్తు ఒకటుంది. మహారాష్ట్రలోని లోణార్ సరస్సు అలా రాయి పడి ఏర్పడిన గుంటే. దాని వెడల్పు సుమారు 1.8 కిలోమీటర్లు.

పిండి చేస్తే ప్రమాదం పోతుందా?

సినిమాల్లో గ్రహశకలానికి బెజ్జం వేసి, లోపల బాంబు పెట్టి పేలుస్తారు. శకలం మాయమైపోతుంది. నిజంగా అయితే రాయి ముక్కలవుతుంది తప్ప మాయం కాదు. ముక్కలు మునుపటి దారినే, మునుపటి వేగంతోనే వస్తుంటాయి. ఒక పెద్ద బండ బదులు వంద బండలు పడతాయి. భూమికి చేరువయ్యాక పేలిస్తే ఒక ఊరికి తగలవలసిన దెబ్బ పది ఊళ్ళకు తగలవచ్చు. చాలా ముందుగా, ఎంతో దూరంలో, బాగా చిన్న ముక్కలయ్యేటట్టు పేలిస్తే మాత్రం ఎక్కువ ముక్కలు భూమికి తగలకుండా పోతాయి.

ఇంకో చిక్కు ఉంది. గ్రహశకలాలన్నీ ఏకశిలలు కావు. జపాను నౌక హయబుసా 2005లో ఇటోకావా అనే శకలాన్ని దగ్గరగా చూసింది. అది రాళ్ళూ గులకలూ వదులుగా పోగుపడిన కుప్ప అని తేలింది. 2020 అక్టోబరులో అమెరికా నౌక బెన్ను అనే శకలాన్ని తాకినప్పుడు నేల గట్టిగా అడ్డుకోలేదు, నౌక చెయ్యి లోపలికి దిగబడిపోయింది. ఇలాంటి కుప్పకు తగిలిన దెబ్బ ఖాళీల్లోనే ఇంకిపోతుంది. ఇసుక బస్తాను గుద్ది చూడండి, సంగతి తెలుస్తుంది.

ఏడు నిమిషాల లెక్క

మరి మార్గం లేదా? ఉంది. పగలగొట్టడం మానేసి పక్కకు తప్పించాలి.

కాపలా లేని రైలు గేటు దగ్గర పట్టాలు దాటుతున్న ఎడ్లబండిని తలుచుకోండి. రైలు ఒక్క నిమిషం ఆలస్యమైతే బండి క్షేమంగా దాటిపోతుంది. రైలును పగలగొట్టనక్కర్లేదు. ఇక్కడ బండి మన భూమి. అది సూర్యుడి చుట్టూ సెకనుకు సుమారు 30 కిలోమీటర్లు పరుగెత్తుతున్నది. దాని వ్యాసం 12,742 కిలోమీటర్లు. భాగించి చూడండి. తన వెడల్పంత దూరం జరగటానికి భూమికి పట్టేది ఏడు నిమిషాలే! కాబట్టి రాబోయే శకలాన్ని ఏడు నిమిషాలు ముందో వెనకో అయ్యేలా చేస్తే ప్రమాదం తప్పుతుంది.

అందుకు ఎంత తోపు కావాలి? చీమ నడకంత, అంటే సెకనుకు 2 సెంటీమీటర్ల వేగం మార్చామనుకోండి. సంవత్సరానికి సుమారు 3 కోట్ల 15 లక్షల సెకన్లు. పదేళ్ళలో ఆ తేడా 6,300 కిలోమీటర్లవుతుంది. అంటే దాదాపు భూమి వ్యాసార్ధమంత! అదే పది రోజులే గడువుంటే సెకనుకు 7 మీటర్లకు పైగా తొయ్యాలి. ఒక కొండను అంత వేగంతో తొయ్యడం సామాన్యం కాదు. శకలం సూర్యుడి చుట్టూ తిరుగుతుంటుంది కాబట్టి అసలు లెక్క ఇంతకంటె చిక్కయినదే. కాని నీతి ఒక్కటే: ఎంత ముందు తోస్తే అంత తక్కువ బలం చాలు.

తోసి చూశారు!

ఇది కాగితం మీది మాట కాదు. 2022 సెప్టెంబరు 26న అమెరికా అంతరిక్ష సంస్థ నాసా పంపిన డార్ట్ అనే నౌక, డైమార్ఫస్ అనే శకలాన్ని కావాలనే ఢీకొంది. ఈ శకలం వెడల్పు సుమారు 160 మీటర్లు. డిడిమస్ అనే ఇంకో పెద్ద శకలం చుట్టూ ఇది తిరుగుతుంటుంది. రెండింటి వల్లా భూమికి ప్రమాదం లేదు, ప్రయోగం కోసం ఎంచుకున్నారంతే. నౌక బరువు 600 కిలోల లోపు. వేగం సెకనుకు 6 కిలోమీటర్లకు పైగా. బాంబేమీ లేదు, వేగమే బాంబు!

అంతకుముందు 11 గంటల 55 నిమిషాలకు ఒక చుట్టు తిరిగే డైమార్ఫస్, ఆ దెబ్బతో సుమారు 11 గంటల 23 నిమిషాలకే తిరగసాగింది. ఎగిరిపడిన రాళ్ళూ ధూళీ వెనక్కి తన్నటం వల్ల, నౌక ఒక్కదాని తాకిడికి రావలసిన మార్పుకంటె కొన్ని రెట్లు ఎక్కువ మార్పు వచ్చింది. మనిషి ఒక ఆకాశగోళం దారిని కొలవగలిగినంత మార్చటం అదే మొదటిసారి. దెబ్బ ఎలా తగిలిందో దగ్గరగా పరీక్షించటానికి ఐరోపా దేశాలు 2024 అక్టోబరులో హీరా అనే నౌకను పంపాయి.

అణుబాంబు పనికివచ్చే చోటు

శకలం మరీ పెద్దదై, గడువు మరీ తక్కువై ఉంటే డార్ట్ లాంటి నౌకలు చాలవు. అప్పుడే అణుబాంబు మాట వస్తుంది. ఒక టన్ను బరువున్న బాంబులో ఉండే శక్తి, సెకనుకు 10 కిలోమీటర్లతో దూసుకుపోయే ఒక టన్ను నౌక శక్తికంటె దాదాపు లక్ష రెట్లు ఎక్కువ.

కాని దాన్ని ఎలా వాడాలి? భూమి మీద బాంబు చేసే నష్టంలో చాలాభాగం గాలి వల్ల వచ్చేదే. వేడెక్కిన గాలి అలలా వచ్చి గోడలను కూలుస్తుంది. అంతరిక్షంలో గాలి లేదు, అల లేదు, చప్పుడూ లేదు. అక్కడ పేలిన బాంబు శక్తి ఎక్కువగా ఎక్స్-కిరణాల రూపంలో పోతుంది. అందుచేత బాంబును శకలం మీద కాకుండా కొంత ఎడంగా, పక్కన పేల్చాలి. ఎక్స్-కిరణాలు తగిలిన వైపు పై పొర క్షణంలో ఆవిరై బయటికి చిమ్ముతుంది. శకలం రెండో వైపుకు జరుగుతుంది. తారాజువ్వ నిప్పులు కిందికి కక్కుతూ పైకి లేవటం లేదూ? ఇదీ అంతే. శకలమే ఒక పెద్ద తారాజువ్వ అయిపోతుంది.

2024లో అమెరికాలోని శాండియా ప్రయోగశాలలో దీన్ని చిన్న ఎత్తున చేసి చూశారు. సెంటీమీటరు పైచిలుకు వెడల్పున్న రాతి పదార్థపు ముక్కల మీదికి బలమైన ఎక్స్-కిరణాలను క్షణకాలం వదిలారు. ముక్కల పై పొర ఆవిరై, అవి సెకనుకు సుమారు 70 మీటర్ల వేగంతో వెనక్కి కదిలాయి. బాంబు పేల్చకుండానే బాంబు లెక్కను సరిచూసుకునే దారి దొరికింది.

ఈ ఆలోచన కొత్తది కాదు. 1967లో అమెరికాలోని మాసచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఒక ఆచార్యుడు విద్యార్థులకు విచిత్రమైన లెక్క ఇచ్చాడు. "ఇకారస్ అనే గ్రహశకలం వచ్చే ఏడాది జూన్‌లో భూమిని ఢీకొంటుందనుకోండి. ఏం చేస్తారు?" చంద్రుడి మీదికి మనుషులను పంపటానికి తయారవుతున్న శాటర్న్-5 రాకెట్లు ఆరింటితో, ఒక్కొక్కటి 100 మెగాటన్నుల బాంబులు పంపాలని విద్యార్థులు పథకం గీశారు. నిజం ఇకారస్ మాత్రం 1968 జూన్‌లో భూమికి లక్షల కిలోమీటర్ల దూరంగా తన దారిన పోయింది.

ఒక ధర్మసందేహం

అయితే రాకెట్ల నిండా బాంబులు పెట్టి సిద్ధంగా ఉంచుకోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. దీనికి చట్టం అడ్డు ఉంది. అంతరిక్షంలో అణుపరీక్షలు కూడదని 1963 ఒప్పందం చెబుతుంది. అణ్వాయుధాలను కక్ష్యలో ఉంచకూడదని 1967 ఒప్పందం చెబుతుంది. ఈ నిబంధనలు ఊరికే రాలేదు. 1962 జులైలో అమెరికా పసిఫిక్ సముద్రం మీద 400 కిలోమీటర్ల ఎత్తున ఒక బాంబు పేలిస్తే, 1,400 కిలోమీటర్ల దూరాన హవాయి దీవుల్లో వీధి దీపాలు ఆరిపోయాయి. కొన్ని ఉపగ్రహాలు పాడైపోయాయి.

ఇంకా లోతైన ప్రశ్న ఒకటి ఉంది. 1994లో కార్ల్ శాగన్, స్టీవెన్ ఆస్ట్రో అనే శాస్త్రజ్ఞులు దాన్ని లేవనెత్తారు. శకలాన్ని భూమి నుంచి పక్కకు తప్పించే విద్య వచ్చినవాడికి, పక్కగా పోయే శకలాన్ని భూమి మీదికి తిప్పే విద్య కూడా వచ్చినట్టే కదా! కత్తి వంటగదిలో ఉందా, దొంగ చేతిలో ఉందా అన్నదే ప్రశ్న. కాబట్టి ఇలాంటి పని ఏ ఒక్క దేశమో రహస్యంగా కాక, అందరికీ తెలిసేలా, అందరూ కలిసి చేయాలి.

ముందు చూపే మందు

అన్నిటికంటె ముందు శకలాన్ని చూడాలి. కిలోమీటరు దాటిన పెద్ద శకలాల్లో నూటికి 90కి పైగా ఇప్పటికే కనిపెట్టారు. రాబోయే వందేళ్ళలో వాటిలో ఏదీ భూమిని ఢీకొనేలా లేదు. 140 మీటర్లు, ఆపైన ఉన్నవాటిలో సగం కూడా ఇంకా దొరకలేదు. ఆకాశాన్ని గాలించే దూరదర్శినుల పని అందుకే అంత ముఖ్యమైంది.

2024 డిసెంబరులో కనిపించిన ఒక శకలం 2032లో భూమిని ఢీకొనే అవకాశం నూటికి 3 వంతులుందని 2025 ఫిబ్రవరిలో లెక్క తేలింది. పత్రికలు గగ్గోలు పెట్టాయి. మరికొన్ని రోజులు గమనించేసరికి ఆ భయం దాదాపు పూర్తిగా తొలగిపోయింది. బాంబు అక్కర్లేకపోయింది, దూరదర్శిని చాలింది! 2029 ఏప్రిల్ 13న అపోఫిస్ అనే శకలం భూమికి సుమారు 32 వేల కిలోమీటర్ల దూరంలో పోతుంది. అంటే మన టెలివిజన్ ఉపగ్రహాలకంటె దగ్గరగా! అది భూమిని తాకదు. కొన్ని ప్రాంతాలవారికి దూరదర్శిని లేకుండానే కనిపిస్తుంది. అప్పటికి మీలో కొందరు కాలేజీలో ఉంటారు. మరవకండి.

మీరే చేసి చూడండి

నున్నటి గచ్చు మీద మూడు మీటర్ల దూరంలో ఒక అగ్గిపెట్టె నిలబెట్టండి. గోళీని సరిగ్గా దానికేసి దొర్లించండి. రెండు మూడుసార్లు గురి కుదిరాక, ఈసారి గోళీ బయలుదేరగానే ఖాళీ పెన్ను గొట్టంతో పక్క నుంచి ఒక్కసారి ఊదండి. గోళీ పెట్టెకు ఎంత దూరంగా పోయిందో కొలవండి. తరువాత గోళీ పెట్టె దగ్గరకు వచ్చాక అంతే బలంగా ఊదండి. తేడా ఎంత? మొదటిసారి ఊపిరి చాలింది. రెండోసారి అది చాలదు. గ్రహశకలాల సంగతీ ఇంతే. ఆలస్యమయ్యే కొద్దీ ఊపిరితో అయ్యే పనికి బాంబు వెతుక్కోవలసి వస్తుంది.